మన కప్పు ఇప్పుడెవరిది?

భోగికి ముందు రాత్రి పంతంగి టోల్‌గేట్ దగ్గర మా కారు దాదాపు రెండు గంటలు ఇరుక్కుపోయింది. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వెళ్ళేవాళ్ళకి ఇదేం కొత్త కాదు. ముందు కార్లు, వెనక కార్లు, పక్కన పల్లీలమ్మేవాడు. చేసేదేం లేక ఫోన్ తీశాను. ఐఎస్ఎల్ ఫిబ్రవరి 14న మొదలవుతుందట. మొత్తం 14 జట్లు. పేర్లన్నీ పైనుంచి కిందకి చదివాను. మళ్ళీ కిందనుంచి పైకి చదివాను. హైదరాబాద్ లేదు.

లేదని నాకు ముందే తెలుసు. అయినా చదివాను. పోయినవాళ్ళ ఫోన్ నంబర్ డిలీట్ చెయ్యకుండా ఉంచుకుంటాం చూడండి, అలాంటిదే ఇది.

మాది జగ్గయ్యపేట. కనుమ రోజు నందిగామలో బాబాయ్ వాళ్ళింటికి వెళ్ళాం. గేటు తీస్తూనే మా తమ్ముడు ఎదురొచ్చాడు. పదో తరగతి, గోల్‌కీపర్. ఒంటిమీద నేను కొనిచ్చిన పసుపు జెర్సీ. కొన్నప్పుడు మోకాళ్ళదాకా వేలాడింది, ఇప్పుడు భుజాల దగ్గర బిగుతైంది.

"అన్నయ్యా, ఇది ఇప్పుడు ఏ టీం జెర్సీ?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

నేను నోరు తెరిచేలోపు లోపల్నుంచి బాబాయ్ అందుకున్నాడు. "చెప్పకుండా ఇల్లు ఖాళీ చేసి పోయినోళ్ళ జెర్సీ. రారా, ముందు గారెలు తిందువు గానీ."

తింటుండగా అసలు విషయం బయటపడింది. మార్చిలో పరీక్షలు అయ్యాక తమ్ముడు అనంతపురంలో ఫుట్‌బాల్ అకాడమీ సెలక్షన్స్‌కి వెళ్తానంటున్నాడు. బాబాయ్ విజయవాడలో ఎంపీసీ అంటున్నాడు. పిన్ని ఎటూ చెప్పట్లేదు. "నువ్వు ఇంజనీరింగ్ చదివావు, ఆ ఆటా చూస్తావు. నువ్వే చెప్పు. వాడు నీ మాటే వింటాడు" అని బాబాయ్ బంతి నా కాళ్ళ దగ్గర పడేశాడు.

క్రికెట్ గురించి రాయమని మీరెంతమంది అడిగినా ఈ వారం కుదర్దు. బాబాయ్‌కి చెప్పాల్సిన జవాబు మీ ముందు పెట్టుకుని ఆలోచిస్తాను.

అరువు తెచ్చుకున్న జట్టు

ముందు ఒక నిజం ఒప్పుకోవాలి. హైదరాబాద్ ఎఫ్‌సీ మన దగ్గర పుట్టింది కాదు. 2019లో పూణే జట్టు ఆర్థిక ఇబ్బందులతో మూతపడింది. లీగ్‌లో దాని చోటు ఖాళీ అయింది. ఆ చోటు మనకొచ్చింది. అదే ఏడాది ఢిల్లీ డైనమోస్ భువనేశ్వర్ వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. అప్పుడు మనం సంబరపడ్డాం. పూణే కుర్రాళ్ళు తమ జెర్సీలు ఏం చేసుకున్నారో ఎవరమైనా అడిగామా? నేనైతే అడగలేదు.

అక్టోబర్ 2025లో మన జట్టు ఢిల్లీ వెళ్ళిపోయింది. పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పూణే నుంచి మనకి, ఢిల్లీ నుంచి భువనేశ్వర్‌కి, మన నుంచి ఢిల్లీకి. చిన్నప్పుడు స్కూల్లో ఆడిన కుర్చీలాట ఇదే కదా. పాట ఆగినప్పుడు నిలబడిపోయినవాడి గురించి ఎవరూ ఆలోచించరు. ఈసారి నిలబడిపోయింది మనం.

కానీ మధ్యలో ఆ ఆరేళ్ళు ఉన్నాయి. వాటినెలా మర్చిపోతాం?

2019-20లో మొదటి సీజన్. అట్టడుగున నిలిచాం. ఆ తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చాడు. పెద్దగా అరవడు, పెద్ద మాటలు మాట్లాడడు. పేరున్న స్టార్లని కొనడం కంటే ఆకలున్న కుర్రాళ్ళని నమ్మాడు. ముందు ఒగ్‌బెచె లాంటి అనుభవజ్ఞుడు, వెనక ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి ఇరవై ఏళ్ళ పిల్లలు. 2021-22లో ఒగ్‌బెచె ఒక్కడే 18 గోల్స్ కొట్టాడు.

2022 మార్చి 20, ఆదివారం. గోవాలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. నాది అప్పుడు వర్క్ ఫ్రమ్ హోమ్. జగ్గయ్యపేటలో డాబా మీద ఫోన్‌ని నీళ్ళ బిందెకి ఆనించి నేనూ, ఐదో ఆరో చదువుతున్న తమ్ముడూ చూశాం. 68వ నిమిషంలో కేరళ గోల్. ఇక అయిపోయిందనుకుని వాడు కిందకి వెళ్ళిపోబోయాడు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన బంతి నెట్‌లో పడింది. పెనాల్టీ షూటౌట్‌లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో కప్పు మనదైంది. తమ్ముడు ఆ రాత్రే చేతులకి వాళ్ళమ్మ వంటింటి గుడ్డలు చుట్టుకుని గోల్‌కీపర్ అయిపోయాడు. ఇప్పుడు బాబాయ్ పడుతున్న తలనొప్పి మొత్తం ఆ రాత్రి మొదలైందే.

మర్నాడు పొద్దున్నే పేపర్ కోసం వీధి గుమ్మం దగ్గర నిలబడ్డాను. దేశంలో పెద్ద లీగ్ గెలిచిన జట్టు పేరులో హైదరాబాద్ ఉంది కదా, మొదటి పేజీ అనుకున్నాను. ఆ వారమే ఆర్ఆర్ఆర్ రిలీజు. మా ఇంటికొచ్చే పేపర్లో ఎన్టీఆర్, రామ్‌చరణ్ పేజీల నిండా ఉన్నారు. కట్టిమణి కోసం లోపలి పేజీల్లో వెతుక్కోవాల్సి వచ్చింది. సినిమా మీద నాకేం కోపం లేదు, నేనూ బెనిఫిట్ షోకి ప్లాన్ వేసినవాణ్ణే. కానీ పక్కన కాస్త చోటు ఇవ్వలేరా అనిపించింది.

జీతం ఆగిన రోజు

2022-23లో కోవిడ్ ఆంక్షలు పోయి మ్యాచ్‌లు గచ్చిబౌలి బాలయోగి స్టేడియానికి తిరిగొచ్చాయి. అప్పటికి నాదీ ఆఫీసు తిరిగి తెరిచారు. స్టేడియం మా ఆఫీసుకి దగ్గరే. ఐడీ కార్డు జేబులో కుక్కుకుని మ్యాచ్‌కి పరిగెత్తేవాణ్ణి. డెక్కన్ లెజియన్ అభిమానులు డప్పులు కొడుతుంటే పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచి, మర్నాడు స్టాండప్ కాల్‌లో జలుబని చెప్పేవాణ్ణి. ఆ ఏడాది లీగ్‌లో రెండో స్థానం. సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో, అదీ పెనాల్టీల్లో ఓడాం.

ఆ తర్వాత ఒక్క ఏడాదిలో మొత్తం కూలిపోయింది. మార్కెజ్ గోవా వెళ్ళిపోయాడు. ఆటగాళ్ళకి, సిబ్బందికి జీతాలు ఆగాయన్న వార్తలు మొదలయ్యాయి. పాత బకాయిల కేసుల్లో ఫిఫా కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా నిషేధం పెట్టింది. 2024 జనవరికల్లా సీనియర్లు చాలామంది వేరే జట్లకి వెళ్ళిపోయారు. కోచ్ తాంగ్‌బోయ్ సింగ్టో చేతిలో మిగిలింది కుర్రాళ్ళు. 22 మ్యాచ్‌లు, ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు. రెండేళ్ళ కిందటి ఛాంపియన్ అట్టడుగున.

ఈ భాగం గురించి నేను మాట్లాడేటప్పుడు అభిమానిగా కాదు, ఉద్యోగిగా మాట్లాడతాను. నా మొదటి కంపెనీ చిన్నది, పేరెందుకు లెండి. ఒక నెల జీతం పదో తారీఖున పడింది. బ్యాంకు సర్వర్ సమస్యన్నారు. రెండో నెల ఇరవైన పడింది. ఇన్వెస్టర్ విదేశాల్లో ఉన్నాడన్నారు. మూడో నెల కాఫీ మెషీన్ పోయింది. దాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆ నెల కోడ్ రాయలేకపోయాను. రాయడం మర్చిపోయి కాదు. రూమ్ రెంటు కట్టాలి, నాన్నకి పంపాలి, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ కట్టాలి. కళ్ళు స్క్రీన్ మీద, మనసు బ్యాంక్ మెసేజ్ మీద. అలాంటి స్థితిలో తొంభై నిమిషాలు పరిగెత్తమంటే, ఎదురుగా వచ్చేవాణ్ణి ఆపమంటే ఎవరు ఆపగలరు?

అందుకే ఆ సీజన్లో ఓడిపోయిన కుర్రాళ్ళని తిట్టడం నాకు చేతకాలేదు. ఆటలో ఓటమి గ్రౌండ్‌లో మొదలవ్వాలి. వీళ్ళది అకౌంట్స్ సెక్షన్‌లో మొదలైంది.

2024 సీజన్‌కి ముందు బీసీ జిందాల్ గ్రూప్ క్లబ్‌ని తీసుకుంది. ఊపిరొచ్చిందనుకున్నాం. కానీ జట్టుని చివరి నిమిషంలో కట్టారు. 13 జట్లలో 12వ స్థానం. ఇంకో ఏడాది ఓపిక పడితే బాగుపడేదేమో. ఆ ఏడాది మనకి దక్కలేదు.

డబ్బు ఎక్కడినుంచి రావాలి?

యజమానుల్ని తిట్టడం తేలిక. నేనూ తిట్టాను. కానీ లెక్క చూస్తే కోపం కొంచెం దిశ మారుతుంది.

ఒక ఫుట్‌బాల్ క్లబ్‌కి డబ్బు వచ్చే దారులు నాలుగు. టీవీ హక్కుల్లో వాటా, స్పాన్సర్లు, టికెట్లు-జెర్సీలు, తయారుచేసిన ఆటగాళ్ళని అమ్మడం. యూరప్‌లో మధ్యతరగతి క్లబ్బులు కూడా ఈ నాలుగు కాళ్ళ మీదే నిలబడతాయి. మన ఐఎస్ఎల్‌లో ఈ నాలుగూ బలహీనం. ఐదో దారి ఒకటే, యజమాని జేబు. మా భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. ఒక్క సర్వర్ పోతే మొత్తం యాప్ పోయినట్టు, ఒక్క జేబు ఖాళీ అయితే మొత్తం జట్టు పోతుంది.

పోలిక కోసం చూడండి. ఐపీఎల్ 2023 నుంచి 2027 వరకు మీడియా హక్కులు 48,390 కోట్లకి అమ్ముడయ్యాయి. అంటే ఒక్కో మ్యాచ్‌కి సుమారు 118 కోట్లు. 2022లో ఐఎస్ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్‌కి వచ్చిన ప్రైజ్ మనీ 6 కోట్లు. సీజనంతా కష్టపడి దేశంలో అందరినీ గెలిస్తే వచ్చేది, ఐపీఎల్‌లో ఒక్క మ్యాచ్ హక్కుల్లో దాదాపు ఇరవయ్యో వంతు మాత్రమే.

పైగా లీగ్ మొత్తమే ఒక ఒప్పందం మీద నిలబడింది. 2010లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఒక వాణిజ్య భాగస్వామితో 15 ఏళ్ళ ఒప్పందం చేసుకుంది. అది డిసెంబర్ 2025లో ముగుస్తుందని 15 ఏళ్ళ ముందే తెలుసు. అయినా గడువు దగ్గరికొచ్చేదాకా తర్వాత ఏంటో తేల్చలేదు. 2025 జులైలో సీజన్ నిలిపేస్తున్నామన్నారు. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపేశాయి. కొత్త భాగస్వామి కోసం టెండర్ పిలిస్తే నవంబర్ గడువుకి ఒక్కరంటే ఒక్కరు బిడ్ వెయ్యలేదు. చివరికి కేంద్ర క్రీడాశాఖ కల్పించుకున్నాక 2026 ఫిబ్రవరిలో కుదించిన లీగ్. ఆఫీసులో ప్రాజెక్ట్ గడువు 15 ఏళ్ళ ముందే చెప్పి, ఆఖరి వారంలో "ఏం చేద్దాం?" అని మీటింగ్ పెట్టిన మేనేజర్‌ని ఊహించుకోండి. అదే ఇది.

అయితే ఇంకో మాట కూడా అనాలి. హైదరాబాద్ క్లబ్ తన దారి తను వేసుకునే అవకాశం కొంత వదులుకుంది. ఆ 2022 ఫైనల్లో మొదటి పదకొండు మందిని గుర్తుచేసుకోండి. కట్టిమణిది గోవా, ఆకాశ్ మిశ్రాది ఉత్తరప్రదేశ్, చింగ్లెన్‌సనాది మణిపూర్. ఎక్కడివాళ్ళైనా మనవాళ్ళే, వాళ్ళని గుండెల్లో పెట్టుకున్నాం. కానీ పాతబస్తీ కుర్రాడో, నందిగామ కుర్రాడో ఒక్కడుంటే? వాడి వీధి మొత్తం స్టేడియానికొచ్చేది. వాడి బడి గోడ మీద వాడి ఫొటో ఉండేది. అప్పుడు క్లబ్‌ని లారీ ఎక్కించడం అంత తేలికయ్యేది కాదు. వేరు లేని చెట్టుని పీకడానికి గునపం అక్కర్లేదు.

రెండు రోజులు, రెండు వార్తలు

ఇప్పుడు నా మీడియా మిత్రుల దగ్గరికొస్తాను.

2025 డిసెంబర్ 13. మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. ఉప్పల్ స్టేడియం నిండిపోయింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి బూట్లు కట్టుకుని బంతి ఆడారు. ఏ ఛానెల్ పెట్టినా అదే. విమానం దిగడం, హోటల్‌కి వెళ్ళడం, చెయ్యి ఊపడం. నా రూమ్మేట్ టికెట్‌కి పెట్టిన డబ్బు మా నెల మెస్ బిల్లు కంటే ఎక్కువ. వెళ్ళి వచ్చి "చూశాన్రా" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు. నేను వాణ్ణి ఎగతాళి చెయ్యను. మెస్సీని చూడాలనుకోవడం తప్పెలా అవుతుంది?

సుమారు రెండు నెలల ముందు, అదే ఊళ్ళో, ఆరేళ్ళుగా ఆడిన జట్టు వెళ్ళిపోయింది. ఆ రోజు మా హాస్టల్ హాల్లో టీవీ ముందు రాత్రిదాకా కూర్చున్నాను. నేను చూసిన బులెటిన్లలో కింద స్క్రోలింగ్‌లో కూడా కనపడలేదు. మర్నాడు ఫోన్లో ఒక చిన్న వార్త, చావు కబురు చల్లగా చెప్పినట్టు. ఎందుకు వెళ్ళింది, ఎవరు అనుమతిచ్చారు, సీజన్ టికెట్లు కొన్నవాళ్ళ సంగతేంటి, అకాడమీ పిల్లలేమయ్యారు? అడిగినవాళ్ళు కనపడలేదు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. మెస్సీ కోసం క్రికెట్ స్టేడియం కిక్కిరిసింది. ఫుట్‌బాల్ ఆడిన బాలయోగి స్టేడియం నుంచి సొంత జట్టు వెళ్ళిపోతే గేటు దగ్గర ఒక్క మైకు లేదు.

మనవాళ్ళకి ఫుట్‌బాల్ మీద డబ్బు పెట్టడం తెలీక కాదు. 2016లో సచిన్‌తో కలిసి కేరళ బ్లాస్టర్స్‌లో చేరిన భాగస్వాములెవరో తెలుసా? చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్, నిమ్మగడ్డ ప్రసాద్. ముగ్గురు తెలుగు సినిమావాళ్ళు, ఒక తెలుగు వ్యాపారవేత్త, జట్టు మాత్రం కేరళది. ఎందుకంటే అక్కడ స్టేడియం నిండుతుంది. హైదరాబాద్ క్లబ్‌లో రానా దగ్గుబాటి భాగస్వామిగా చేరినప్పుడు నేను ఆ వార్తని ఎంతమందికి ఫార్వర్డ్ చేశానో లెక్కలేదు. చూశారా, నేనూ అదే తప్పు చేశాను. గోల్స్ కొట్టినవాడి గురించి కాదు, హీరో గురించి ఫార్వర్డ్ చేశాను.

పాత సంగతి చెప్తే ఇంకా సిగ్గేస్తుంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనే ఇండియాకి 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణాలు తెచ్చాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం కూడా ఆయన హయాంలోనే. జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించిన ఫైనల్ అయిన ఏడాదిలోపే, 1963 జూన్‌లో కన్నుమూశాడు. ఆయన జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ పక్క అమ్ముగూడవాడు. 2023 ఫిబ్రవరిలో పోయాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రహీం మీద సినిమా 2024లో వచ్చింది, 'మైదాన్'. హీరో అజయ్ దేవగణ్. హిందీ సినిమా. బయోపిక్‌ల మీద బయోపిక్‌లు తీసే మనకి ఆయన కనపడలేదు.

ఈ పేర్లు నాకు ఇంజనీరింగ్ అయ్యేదాకా తెలీవు. మాంచెస్టర్ యునైటెడ్ రిజర్వ్ గోల్‌కీపర్ పేరు మాత్రం తెలుసు. కాబట్టి రాళ్ళన్నీ మీడియా మీదే వెయ్యను, ఒకటి నా నెత్తిన కూడా వేసుకుంటాను. మనం క్లిక్ చెయ్యనిది వాళ్ళు రాయరు. వాళ్ళు రాయనిది మనకి తెలీదు. ఈ చక్రాన్ని ఎవరో ఒకరు ముందు ఆపాలి.

వింబుల్డన్ వాళ్ళేం చేశారంటే

ఇంగ్లండ్‌లో వింబుల్డన్ అని ఒక చిన్న క్లబ్ ఉండేది. 1988లో లివర్‌పూల్‌ని ఓడించి ఎఫ్ఏ కప్ గెలిచింది. 2002లో దాన్ని సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్టన్ కీన్స్ అనే ఊరికి తరలించడానికి అనుమతి వచ్చింది. అంటే జగ్గయ్యపేట నుంచి విజయవాడ దాటేంత దూరం. మనకి జరిగింది 1500 కిలోమీటర్ల దూరం, అది వేరే సంగతి.

అభిమానులు కొన్నాళ్ళు గొడవ చేశారు, ఏడ్చారు. తర్వాత ఒక పార్కులో ట్రయల్స్ పెట్టి, ఆడగలిగినవాళ్ళని ఏరుకుని, తామే కొత్త క్లబ్ పెట్టారు. ఏఎఫ్‌సీ వింబుల్డన్. అట్టడుగు డివిజన్ల నుంచి మొదలుపెట్టి తొమ్మిదేళ్ళలో, 2011కి, ప్రొఫెషనల్ లీగ్‌లోకి వచ్చేశారు. 2016కి తమని వదిలేసి పోయిన క్లబ్ ఉన్న డివిజన్‌కే చేరారు. 2020లో సొంత పేటలో, ప్లవ్ లేన్‌లో కొత్త స్టేడియం తెరిచారు. అన్నింటికన్నా నాకు నచ్చేది ఇంకోటి. తరలిపోయిన క్లబ్ 2007లో ఆ పాత కప్పుల ప్రతిరూపాల్ని, క్లబ్ చరిత్రని పాత ఊరి వాళ్ళకే ఇచ్చేసింది. 1988 కప్పు మాది కాదు, మీదే అని ఒప్పుకుంది.

మరి 2022 మార్చి 20 ఎవరిది? రికార్డుల్లో హైదరాబాద్ అనే ఉంటుంది. క్లబ్ మాత్రం ఢిల్లీలో ఉంది. ఢిల్లీ కుర్రాడు ఆ కప్పుని చూసి గర్వపడాలా? పాపం, వాడి డబ్బులు కూడా 2019లో భువనేశ్వర్ పోయాయి.

నా అభిప్రాయాలు మూడే. ఒకటి, ఊరు మార్చాలంటే కనీసం ఒక సీజన్ ముందు చెప్పాలి, అభిమానుల సంఘంతో కూర్చుని మాట్లాడాలి, పాత కప్పూ రంగూ పాత ఊరికి వదిలెయ్యాలి. రెండు, లీగ్‌లోకి రావాలంటే ఒక ఏడాది జీతాల డబ్బు ముందే డిపాజిట్ చెయ్యాలి. అద్దె ఇంటికి అడ్వాన్స్ అడుగుతారు కదా, 30 మంది కుటుంబాలు ఆధారపడే చోటికి ఎందుకు అడగకూడదు? మూడు, ప్రతి జట్టులో ఇంతమంది సొంత రాష్ట్రం కుర్రాళ్ళుండాలని గట్టి నిబంధన. వ్యాపారం తెలిసినవాళ్ళు నవ్వుతారేమో. ఇప్పటిదాకా వ్యాపారం తెలిసినవాళ్ళు నడిపిందే ఇలా ఉంది కదా.

మనకి పూర్తిగా ఏమీ మిగల్లేదా అంటే అదీ కాదు. శ్రీనిధి డెక్కన్ ఉంది. 2021లో ఐ-లీగ్‌లోకి వచ్చింది. 2022-23లో, 2023-24లో రెండుసార్లూ రెండో స్థానం. హైదరాబాద్ శివార్లలో అజీజ్‌నగర్ దగ్గర డెక్కన్ అరేనా అని వాళ్ళ సొంత గ్రౌండు. నేను నిజం చెప్తున్నాను, నాలుగేళ్ళలో ఒక్కసారే వెళ్ళాను. ట్రాఫిక్ అని, దూరమని, స్టార్లు లేరని. పోయిన జట్టు కోసం ఇన్ని మాటలు రాస్తున్నవాణ్ణి, ఉన్న జట్టు మ్యాచ్‌కి ఒక్కసారే వెళ్ళాను. ముందు ఇది మార్చుకోవాలి.

బాబాయ్‌కి జవాబు

ఇవన్నీ ఆ సాయంత్రం బాబాయ్‌కి చెప్పాను. లెక్కలు, రహీం, వింబుల్డన్ అన్నీ. ఆయన పత్తి వ్యాపారం చేస్తాడు. లెక్కల దగ్గర చెవి పెడతాడు, కథల దగ్గర ఆవలిస్తాడు. అంతా విని ఒకటే మాటన్నాడు.

"నేను ఆట ఒద్దనట్లేదురా. కప్పు గెలిచినోళ్ళకే జీతాలియ్యలేదని నువ్వే చెప్తన్నావు. తెలిసి తెలిసి పిల్లోణ్ణి అక్కడికి ఎట్లా పంపమంటావు?"

నా దగ్గర ఎదురు మాట లేదు. ఇది బాబాయ్ ఒక్కడి ప్రశ్న కాదు. జగ్గయ్యపేటలో, నందిగామలో, కోదాడలో ప్రతి ఇంట్లో ఇదే ప్రశ్న. క్లబ్బులు మూతపడితే మనకి పోయేది పాయింట్ల పట్టికలో ఒక వరస మాత్రమే అనుకుంటాం. అసలు పోయేది ఇది. ఒక తండ్రి "సరే, వెళ్ళు" అనడానికి కావాల్సిన ధైర్యం. కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి ఒక పిల్లాడికి కలనిచ్చాడు. ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళు ఆ కలకి హామీ సంతకం పెట్టలేకపోయారు.

చివరికి నేను చెప్పింది ఇంతే. "బాబాయ్, ఉద్యోగం అనుకుని పంపకు. సెలక్షన్స్‌కి వెళ్ళనియ్. వస్తే అక్కడ చదువెలా చెప్తారో, ఎవరు చూసుకుంటారో, దెబ్బ తగిలితే ఎవరు కడతారో మనిద్దరం వెళ్ళి అడుగుదాం. ఆఫర్ లెటర్ చదివినట్టు ప్రతి లైనూ చదువుదాం. నచ్చకపోతే ఎంపీసీ ఎక్కడికీ పోదు. రాకపోతే వాడికే తెలుస్తుంది. నువ్వు ఆపితే మాత్రం ముప్ఫై ఏళ్ళొచ్చినా వాడికి తెలీదు."

బాబాయ్ ఏమీ అనలేదు. "ముందు పరీక్షలు కానియ్" అన్నాడు. మా ఇళ్ళల్లో అంటే అర్థం, సగం ఒప్పుకున్నట్టు. మిగతా సగం పదో తరగతి మార్కుల చేతిలో ఉంది.

బయల్దేరేముందు తమ్ముడితో గ్రౌండ్‌కి వెళ్ళాను. ఒక పక్క క్రికెట్, ఇంకో పక్క వాలీబాల్, మధ్యలో మిగిలిన చోట వీళ్ళు ఎనిమిది మంది. ఇటుకలే గోల్‌పోస్టులు. వీడు ఆ ఇరుకు జెర్సీతోనే నిలబడ్డాడు. నన్ను పెనాల్టీ కొట్టమన్నారు. కొట్టాను. ఆపేశాడు. ఇంకోటి కొట్టాను. అదీ ఆపేశాడు. కీబోర్డు కొట్టే కాళ్ళు కదా అని అందరూ నవ్వారు.

కారెక్కుతుంటే పొద్దున అడిగింది గుర్తొచ్చింది. "ఆ జెర్సీ ఏ టీందని అడిగావు కదరా?" అన్నాను.

"ఏదో ఒకటిలే అన్నయ్యా. ఈసారి వచ్చేటప్పుడు పెద్ద సైజు తీసుకురా" అన్నాడు.

ఏ టీందో చెప్పలేదు. షాపులో ఏం అడగాలో నాకూ తెలీదు. శ్రీనిధి వాళ్ళ తర్వాతి హోమ్ మ్యాచ్ ఎప్పుడో మాత్రం చూసిపెట్టుకుంటున్నాను. అజీజ్‌నగర్ వైపు వచ్చేవాళ్ళుంటే చెప్పండి, నా కారులో మూడు సీట్లు ఖాళీ.